అక్టోబరు నెల, ముప్పై ఒక్క పురుగులు: బళ్లారి జిల్లా చిత్రకళ ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ



ఏటా అక్టోబరు నెలలో అనేక దేశాల చిత్రకారులు, విద్యార్థులు, సరదాకు బొమ్మలు గీసేవారు రోజుకొక సిరా చిత్రం చొప్పున నెల పొడుగునా గీస్తూ ఉంటారు. అమెరికా చిత్రకారుడు జేక్ పార్కర్ సిరాతో గీయడంలో తన నేర్పును పెంచుకోవడానికి 2009లో తనకు తాను పెట్టుకున్న ఈ నియమానికి ‘ఇంక్‌టోబర్’ అన్న పేరు స్థిరపడింది. దానిని చూసి పక్షులకొక నెల, చెట్లకొక నెల, కీటకాలకొక నెల అంటూ ఎన్నో ‘రోజువారీ సవాళ్లు’, అంటే ఒక గడువులోపల ప్రతిరోజూ ఒక కొత్త రచనను పూర్తిచేస్తామని కళాకారులు తమకు తామే విధించుకునే నియమాలు, పుట్టుకొచ్చాయి. రాబోయే అక్టోబరులో బళ్లారి జిల్లా పాఠశాలల్లోనూ అటువంటి సవాలును నడపాలని, దానికి పురుగులనే విషయంగా తీసుకోవాలని, బహుమతుల పోటీగా కాక చూపును పదునుపెట్టే సాధనగా దానిని తీర్చిదిద్దాలని ఈ లేఖ ప్రతిపాదిస్తున్నది.

ఇది బయటి నుంచి వచ్చిన మోజుగా కనిపించవచ్చు గాని, గడువు పెట్టుకొని రోజుకొక బొమ్మ వేయడం ఈ ప్రాంతపు ఇళ్లకు కొత్త కాదు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలైనది మొదలు సంక్రాంతి పండుగ ముగిసేదాకా తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, నిన్న వేసిన ముగ్గు ఇవాళ వేయకుండా నెలంతా సాగించి, చివరికి రథం ముగ్గుతో ముగించే స్త్రీలు ఏ పేరూ పెట్టకుండానే ఈ సవాలును తరతరాలుగా నెగ్గుతున్నారు. ఆ కళకు ప్రదర్శనశాల లేదు, తీర్పరి లేడు, మరునాటి దాకా నిలుస్తుందన్న ఆశ కూడా లేదు; ఉన్నదల్లా రేపటి ముగ్గుకు చేయి మరింత తిరుగుతుందన్న నమ్మకమే. బియ్యప్పిండితో ముగ్గు వేస్తే చీమలకు ఆహారమవుతుందన్న పెద్దల మాటను బట్టి చూస్తే, ఈ నేల మీది రోజువారీ చిత్రకళకు పురుగులతో బంధుత్వం కూడా పాతదే. సున్నపు పిండి, రంగుల పొడులు వచ్చాక చీమల వాటా తగ్గిపోయినా, రోజూ గీయాలన్న క్రమశిక్షణ మాత్రం ఎన్నో వాకిళ్లలో చెక్కుచెదరలేదు. అందుచేత పిల్లలకు ఈ నియమాన్ని వివరించేటప్పుడు అమెరికా నుంచి కాక అమ్మమ్మ వాకిలి నుంచి మొదలుపెట్టడమే సబబుగా ఉంటుంది.

పురుగులనే ఎందుకు ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు ఈ జిల్లా పొలాల్లో ఉంది. తుంగభద్ర కాలువల కింద సిరుగుప్ప, కంప్లి ప్రాంతాల్లో వరి, బళ్లారి, కురుగోడు చుట్టుపక్కల మిరప, పత్తి సాగుచేసే కుటుంబాల రాబడి ప్రతి ఏడూ కంటికి ఆనీ ఆనని ప్రాణుల మీద ఆధారపడి ఉంటుంది. వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చి, పైరును గుండ్రటి మచ్చలుగా ఎండబెట్టే సుడిదోమ ఒకటి. పత్తికాయ లోపల దాగి గింజలను తినే గులాబీ రంగు పురుగు మరొకటి. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి తొలుత దానిని అడ్డుకున్నా, తరువాతి కాలంలో ఆ పురుగు బీటీ విషాన్ని తట్టుకొనే శక్తిని సంపాదించుకుంది. ఇక నల్ల తామర పురుగు నిడివి సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి నమోదైన ఆ పురుగు 2021 పంటకాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మిరప తోటల పూతలో చేరి రైతులను దిక్కుతోచని స్థితిలోకి నెట్టింది. ఇంతగా బతుకుతో ముడిపడిన ప్రాణులను గురించి పిల్లలకు తెలిసేది చాలావరకు పురుగుమందు డబ్బా మీది బొమ్మ ద్వారానే కావడం విచారించదగిన విషయం.

గుర్తుపట్టలేకపోవడం వల్ల కలిగే కలవరానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఈ జిల్లా సరిహద్దు పక్కనే ఉంది. 2020లో ఎడారి మిడతల దండు రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల మీదుగా వస్తున్నదన్న వార్తలు వ్యాపించిన రోజుల్లో, అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద మిడతలు గుంపులుగా కనిపించడంతో దండు దిగిందన్న భయం పుట్టింది. అవి ఎడారి మిడతలు కావని అధికారులు వివరించవలసి వచ్చింది. జిల్లేడును ఆశ్రయించి బతికే మిడత పసుపు, నీలి పట్టీలతో పొలానికి వెలుపలే దర్శనమిస్తుంది. వలసదండుగా కదిలే ఎడారి మిడతకు ఆ రంగులూ లేవు, జిల్లేడు మీద అంతటి మక్కువా లేదు. ఈ రెండింటినీ ఒక్కొక్కసారి కాగితం మీద గీసిన పిల్లవాడు ఇంటిల్లిపాదికీ ధైర్యం చెప్పగలిగేవాడు. 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉన్న రాయదుర్గం ఇప్పుడు మరో రాష్ట్రంలో ఉన్నప్పటికీ, మిడతలకు రాష్ట్రాల హద్దులు పట్టవు గనుక ఆ అనుభవం రెండు వైపులవారికీ పాఠమే.

బొమ్మ గీయడం ద్వారా పురుగును నేర్చుకోవచ్చునన్నది ఊహాగానం కాదు, వ్యవసాయ విస్తరణలో దశాబ్దాలుగా అమలైన పద్ధతి. విచక్షణ లేకుండా చల్లిన మందులు సుడిదోమను తినే మిత్ర పురుగులను, అంటే పంటకు హాని చేసే పురుగులను వేటాడి రైతుకు మేలుచేసే సాలీళ్లను, పెంకు పురుగులను, తూనీగలను తుడిచిపెట్టి దోమ ఉద్ధృతిని పెంచుతున్నాయని తేలడంతో ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989 నుంచి అక్కడే ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. వాటినే తెలుగు రైతులు ‘పొలంబడి’ అన్న పేరుతో ఎరుగుదురు. ఆ బడిలో రైతులు వారానికొకసారి చేలోకి దిగి, కొన్ని మొక్కలను వేరు నుంచి కొన దాకా పరిశీలించి, గట్టు మీదికి వచ్చి పెద్ద కాగితం మీద రంగు పెన్సిళ్లతో నడుమ పైరును, ఒక పక్క శత్రు పురుగులను, మరో పక్క మిత్ర పురుగులను, పైన ఎండనో మబ్బునో గీసి, ఆ బొమ్మను ముందు పెట్టుకొని మందు కొట్టాలా వద్దా అని తర్కించుకుంటారు. అక్షరం రాని రైతు సైతం ఆ చర్చలో సమానంగా పాల్గొనగలగడానికి కారణం బొమ్మే. పెద్దలు వారానికొకసారి చేసిన పనిని పిల్లలు రోజుకొకసారి చేయడమే ఈ లేఖ ప్రతిపాదిస్తున్న సవాలులోని సారం.

శాస్త్ర చరిత్రలోనూ పురుగుల చిత్రాలది అలంకార పాత్ర కాదు. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ తన ‘మైక్రోగ్రాఫియా’లో సూక్ష్మదర్శిని కింద కనిపించిన గోమారిని పెద్ద మడత పుట నిండా గీసి చూపినప్పుడు, అంత అల్పమైన ప్రాణికి అంత నిర్మాణం ఉన్నదని చదువరులు తొలిసారి గ్రహించారు. 1699లో కుమార్తెతో కలిసి దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు వెళ్లిన జర్మన్ చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్, గుడ్డు, గొంగళి, గూడు, సీతాకోకచిలుక అన్న దశలన్నింటినీ అవి మేసే మొక్క మీదనే ఒకే పుటలో చిత్రించి 1705లో ప్రచురించింది. పురుగులు బురదలో, కుళ్లులో వాటంతట అవే పుడతాయన్న నమ్మకం ఇంకా పూర్తిగా తొలగిపోని రోజుల్లో ఆ పుటలు రూపాంతరాన్ని, అంటే ఒక ప్రాణి తన జీవితంలో దశలవారీగా ఆకారం మార్చుకోవడాన్ని, కంటికి కట్టించాయి. పురుగును దాని మొక్కతో కలిపి గీయాలన్న మెరియన్ సూత్రం నేటి పిల్లల పుస్తకాలకు కూడా అక్షరాలా వర్తిస్తుంది.

దక్షిణ భారతంలోనూ ఈ దారి పాతదే. బళ్లారి మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, 1914లో, టి. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ రచించిన దక్షిణ భారత కీటకాల గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం బొమ్మలతో సహా అచ్చువేసింది. పొరుగునున్న మైసూరు సంస్థానంలో కెనడా నుంచి వచ్చిన శాస్త్రవేత్త లెస్లీ కోల్‌మన్ దక్కన్ మెట్ట పొలాల్లో జొన్నను తినే రెక్కలు ఎదగని మిడత మీద 1911లో ఒక పుస్తకం వెలువరించారు. ఆ మిడతకు అంతకు ముందటి ఏడు పెట్టిన ‘కోల్‌మేనియా’ అన్న శాస్త్రీయ నామం ఆయన పేరు మీదనే వచ్చింది. జొన్నరొట్టె తినే ప్రతి ఇంటికీ సంబంధమున్న ఆ మిడత ఈ జిల్లా పిల్లల చిత్రపుస్తకంలో తప్పక చోటు చేసుకోవలసిన ప్రాణి.

గీయడంలో మొదట పట్టుబడవలసింది శరీర నిర్మాణం. కీటకమంటే తల, రొమ్ము, పొట్ట అన్న మూడు భాగాలు, ఆరు కాళ్లు, తల మీద ఒక జత స్పర్శకాలు, అంటే తడిమి వాసన పట్టే మీసాలు, ఉన్న ప్రాణి. సాలెపురుగుకు, తొలకరిలో ఎర్ర మఖమలు ముక్కలా కనిపించే ఆరుద్ర పురుగుకు ఎనిమిదేసి కాళ్లు ఉంటాయి గనుక అవి ఈ వర్గంలోకి రావు. ఆరు కాళ్లూ, రెక్కలూ రొమ్ము నుంచే మొలుస్తాయన్న ఒక్క నియమాన్ని పిల్లలు గ్రహిస్తే, పొట్టకు కాళ్లు అతికించే సాధారణమైన పొరపాటు తొలివారంలోనే తొలగిపోతుంది. తూనీగ వెనుక రెక్కలు ముందు రెక్కల కంటే మొదట్లో వెడల్పుగా ఉంటాయని, వాలినప్పుడు అది రెక్కలను చాచే ఉంచుతుందని, దానికి దగ్గర చుట్టమైన సన్నని సూదితూనీగ మాత్రం సాధారణంగా రెక్కలను వీపు మీదికి ముడుచుకుంటుందని ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. రెండింటినీ రెండు రోజులు వరుసగా గీసిన పిల్ల తానే కనిపెడుతుంది. కీటకాల శరీరం మధ్యగీతకు ఇరువైపులా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి చుక్కల ముగ్గులో చేయి తిరిగినవారికి ఈ రూపాలు తొందరగా పట్టుబడతాయి. కాగితాన్ని నిలువుగా మడిచి సగం గీసి రెండో సగాన్ని చూసి సరిపోల్చుకోవడం ప్రాథమిక తరగతులకు తగిన తొలి అభ్యాసం.

విషయాల కోసం అడవులకు పోనవసరం లేదు. బడి ప్రహరీ పక్కన మొలిచిన ఒక్క జిల్లేడు మొక్క వారం రోజులకు సరిపోతుంది. దాని ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపున మూడు జతల కొమ్ములవంటి తంతువులతో ఒక గొంగళి పురుగు మేస్తుంది. జిల్లేడు పాలలోని చేదు విషాన్ని ఒంట్లో దాచుకున్న ఆ పురుగు నారింజ రంగు సీతాకోకచిలుకగా మారిన తరువాత కూడా పక్షులు దాని జోలికి పోవు. ఆ రక్షణను ఆశించి వేరే జాతికి చెందిన ఒక ఆడ సీతాకోకచిలుక అచ్చంగా ఆ వేషమే ధరిస్తుంది. ఒక జాతి మరొక జాతి రూపాన్ని పోలి బతికిపోయే ఈ ఉపాయాన్ని శాస్త్రజ్ఞులు అనుకరణ అంటారు. రెండింటినీ పక్కపక్కన గీసి తేడాలు వెతకడం పై తరగతులవారికి ఒక రోజంతా సరిపోయే పని. అదే మొక్క మీద జిల్లేడు మిడత, పసుపు పేనుబంక, ఆ పేనుబంకను తినే అక్షింతల పురుగు కూడా దొరకవచ్చు. ఎర్రని వీపు మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగును చూడగానే మందు కొట్టాలనుకునే అలవాటు, అది పేనుబంకను నమిలే దృశ్యాన్ని గీసిన చేతికి అంటదు.

రంగుల విషయంలో కొన్ని కీటకాలు చిత్రకారులకు నిజమైన పరీక్ష పెడతాయి. తుమ్మచెట్ల మీద కనిపించే, పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకునే ఆకుపచ్చ బంగారు మెరుపుల జీరంగికి ఆ మెరుపు ఏ వర్ణద్రవ్యం వల్లా రాలేదు. దాని పైరెక్కల పెంకులో ఒకదానిపై ఒకటి పరుచుకున్న అతిపలుచని పొరలు వెలుగును ప్రతిఫలించే తీరు వల్ల వచ్చే ఆ రంగును నిర్మాణ వర్ణం అంటారు. అందుకే అది పురుగు చనిపోయాక కూడా వెలిసిపోదు. ఆ గుణాన్ని గుర్తించిన పందొమ్మిదో శతాబ్దపు మద్రాసు, హైదరాబాదు కుట్టుపనివారు జీరంగి పెంకులను ముక్కలుగా కత్తిరించి సన్నని మస్లిన్ మీద జరీతో కుట్టి ఎగుమతి చేసేవారు. ఇటువంటి పెంకులతో అలంకరించిన దుస్తులను 1888లో లండను నటి ఎలెన్ టెర్రీ లేడీ మాక్‌బెత్ పాత్రకు ధరించగా, ఆ వేషంలో ఆమెను చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ మరుసటి ఏడు చిత్రించాడు. బడిలోని నీటిరంగులతో ఆ మెరుపును పట్టాలంటే ముదురు నీలం మీద పచ్చ, పచ్చ మీద పసుపు పలుచగా పొరలు వేసి, మెరుపు పడే చోట కాగితపు తెలుపును వదలవలసి ఉంటుంది. అప్పుడు రంగు వేయడం కూడా వెలుగును గురించిన పాఠమవుతుంది.

సామగ్రి విషయంలో ఈ జిల్లాకు మరెక్కడా లేని వెసులుబాటు ఉంది. తోలుబొమ్మల కళకు బళ్లారి పేరుపడ్డ చోటు. రామాయణ కథలతో పాటు స్వాతంత్ర్యోద్యమ గాథను కూడా తోలుబొమ్మలతో ప్రదర్శించిన బెళగల్లు వీరణ్ణ 2023లో మరణించేదాకా ఈ ఊరి రంగస్థలానికి సేవ చేశారు. సరిహద్దుకు ఆవల శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఆ కళ నేటికీ జీవనోపాధి, అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. వెలుగు దూరేదాకా గీకి పలుచబరచిన తోలు మీద సన్నని రంధ్రాలు పొడిచి, రంగులద్ది, దీపం ముందు నిలిపే ఆ పద్ధతి తూనీగ రెక్కను చూపడానికి కాగితం కంటే తగినది, ఎందుకంటే రెక్కలోని ఈనెల వల, దాని నడుమ పారదర్శకమైన గదులు వెలుగు వెనుక నుంచి వచ్చినప్పుడే పూర్తిగా కనిపిస్తాయి. తోలు దొరకని బడిలో నూనె పట్టించిన కాగితమైనా ఆ పని చేస్తుంది. బళ్లారి జీన్స్ కుట్టు కేంద్రాల్లో మిగిలే నీలిగుడ్డ కత్తిరింపులతో పేడపురుగు, గండుచీమ వంటి ముదురు రంగు ప్రాణులను అతికించవచ్చు. భౌగోళిక గుర్తింపు పొందిన సండూరు లంబాణీ కుట్టులోని అద్దాలూ, సూటి దారపు గీతలూ కీటకాల సంయుక్త నేత్రాలను, అంటే వందల కొద్దీ చిన్న కటకాలు కలిసి ఏర్పడిన కళ్లను, చూపడానికి చక్కగా కుదురుతాయి. ఏటికొప్పాక, చన్నపట్టణ బొమ్మలకు నునుపునిచ్చే లక్క, ధర్మవరం చీరకు నిగ్గు తెచ్చే పట్టు కూడా కీటకాలు ఇచ్చినవేనని చెబితే, కళకు పురుగు విషయమే కాదు ముడిసరుకు కూడా అన్న ఎరుక పిల్లలకు కలుగుతుంది.

ఇటువంటి సవాలుకు నియమాలు కొద్దివే అయినా కచ్చితంగా ఉండాలి. మొదటిది, బొమ్మ కోసం ఏ పురుగునూ చంపకూడదు, సూది గుచ్చకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని సీతాకోకచిలుకలకు సైతం రక్షణ కల్పిస్తున్నది గనుక సేకరణ సరదా చట్టవిరుద్ధం కూడా కావచ్చు. చూడవలసినంత సేపు గాజు సీసాలో ఉంచి, దొరికిన చోటే వదిలిపెట్టడం చాలు. రెండవది, తేనెపట్టు, కందిరీగల గూళ్ల దగ్గరికి పిల్లలను పోనివ్వకూడదు. పూల మీద వాలే నలుపు, నారింజ పట్టీల బొబ్బల పురుగును చేత్తో తాకనివ్వకూడదు, దాని ఒంటి ద్రవం తగిలితే చర్మం పొక్కుతుంది. మూడవది, ప్రతి బొమ్మ కింద తేదీ, చోటు, ఏ మొక్క మీద కనిపించిందీ, అసలు పరిమాణం ఎంతో తెలిపే కొలగీత, తెలుగులోనూ కన్నడంలోనూ ఊరివాళ్లు పిలిచే పేరు రాయాలి. పేరు తెలియకపోతే ఆ చోటును ఖాళీగా వదిలి పెద్దలను అడగాలి. ఈ ఒక్క షరతు పాటించిన పుస్తకం చిత్రాల సంపుటంగానే కాక ఆ ఊరి కీటకాల పట్టికగా కూడా నిలుస్తుంది. నాలుగవది, సెల్‌ఫోనులో దొరికే చిత్రాన్ని చూసి ఎక్కించడం, యంత్రం చేత బొమ్మ వేయించడం ఈ సవాలుకు పనికిరావు, ఎందుకంటే వాటిలో బొమ్మ మిగిలినా చూపు మిగలదు.

రోజూ గీయమంటే తొందరపాటు పెరిగి నాణ్యత తగ్గుతుందని, పరీక్షల ఒత్తిడికి ఇది మరో బరువని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. తొందరపాటు సంగతి కొంతవరకు నిజమే. మొదటి వారపు బొమ్మలు చాలావరకు బాగుండవు. అయితే ఒక్క బొమ్మను నెలంతా దిద్దే విద్యార్థి తన తప్పును కాపాడుకుంటూ పోతే, రోజుకొకటి వేసే విద్యార్థి ఇవాళ్టి తప్పును రేపటి బొమ్మలో దిద్దుకుంటాడు. సంగీతం నేర్చేవారు రోజూ సరళీ వరుసలు పాడటంలో ఉన్న నీతి ఇదే. బరువు విషయంలో ఉపాధ్యాయులు రోజుకు పావుగంట మించనివ్వకుండా, మార్కులు వేయకుండా, ఒకరోజు తప్పిపోయిన పిల్లలను బయటికి నెట్టకుండా మరునాటి నుంచి యథావిధిగా కొనసాగనిస్తే ఆ ఆక్షేపణకు చోటుండదు. చిత్రకళ ఉపాధ్యాయుడు లేని బడుల్లో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు దీనిని నడపవచ్చు, ఎందుకంటే ఇక్కడ కావలసింది చేతి నేర్పు కంటే ముందు ఓపికగల పరిశీలన.

కాలం విషయంలో అక్టోబరును ఎంచుకోవడానికి లోకం పాటిస్తున్నదన్న కారణం ఒక్కటే కాదు. వర్షపాతం తక్కువైన బళ్లారిలో సెప్టెంబరు, అక్టోబరు నెలల వానలే ముఖ్యమైనవి కాబట్టి పచ్చదనంతో పాటు కీటకాలూ అప్పుడే విస్తారంగా కనిపిస్తాయి. దేశమంతటా వన్యప్రాణి వారోత్సవాలు అక్టోబరు 2 నుంచి 8 వరకు జరుగుతాయి. దసరా సెలవులు సాధారణంగా ఈ నెలలోనే వస్తాయి గనుక పిల్లలకు పొలాల్లో, పెరళ్లలో తిరిగే తీరిక దొరుకుతుంది. వీటన్నింటికీ మించి ఈ నెల రెండు కొసలూ ఈ జిల్లా చరిత్రతో ముడిపడి ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు చేరగా, బళ్లారితో సహా మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. నవంబరు 1 కర్ణాటక రాజ్యోత్సవ దినం, ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం కూడా. మొదటి తేదీన మొదలై ముప్పై ఒకటిన ముగిసే ఈ సవాలు ఫలితాలను నవంబరు మొదటి వారంలో బళ్లారిలోని రాఘవ కళామందిరం వంటి చోట ప్రదర్శించి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం బడుల పిల్లల బొమ్మలను కూడా పక్కనే వేలాడదీస్తే, ఒకప్పటి జిల్లా అంతా ఒకే గోడ మీద కలుస్తుంది. ఆ ప్రదర్శనకు హగరి వ్యవసాయ పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులను ఆహ్వానించి పిల్లలు ఖాళీగా వదిలిన పేర్లను పూరింపజేయడం, ఊరి రైతులను పిలిచి ఏది మిత్ర పురుగో ఏది శత్రు పురుగో బొమ్మల ముందు నిలబడి వాదించుకోనివ్వడం అన్నింటి కంటే విలువైన బహుమతి అవుతుంది.

భక్తిలో భ్రమరాంబగా శ్రీశైలాన, శివుణ్ణి కొలిచిన సాలెపురుగుగా శ్రీకాళహస్తిలో అల్పప్రాణులకు పీట వేసిన సమాజం, చదువులో మాత్రం వాటిని తొక్కదగినవిగానో, మందు కొట్టదగినవిగానో పరిచయం చేయడం సరికాదు. ఇప్పటిదాకా శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన కీటక జాతులు దాదాపు పది లక్షలు. అందులో ముప్పై ఒక్కింటిని తన కళ్లతో చూసి, తన చేత్తో గీసిన విద్యార్థిని మందుల దుకాణం ముందు నిలబడ్డ తండ్రికి ఒక ప్రశ్న అడగగలుగుతుంది, ఆ ప్రశ్న ఒక మడి పైరును, కొంత డబ్బును, కొంత ఆరోగ్యాన్ని కాపాడవచ్చు. దీనికి కావలసింది ప్రతి విద్యార్థికీ ఒక తెల్లకాగితాల పుస్తకం, ఒక పెన్సిలు, బడికి ఒక భూతద్దం మాత్రమే. బళ్లారి జిల్లా చిత్రకళ ఉపాధ్యాయులు సెప్టెంబరులోగా తమ తమ బడుల్లో ఈ ప్రతిపాదనను చర్చించి, అక్టోబరు 1 ఉదయం పిల్లలను ముందుగా జిల్లేడు మొక్క దగ్గరికి తీసుకువెళ్లాలని ఈ లేఖ సవినయంగా కోరుతున్నది.